5 శాతం పొదుపు చూపమన్నారు, శాఖ బడ్జెట్‌లో ఎక్కడ వెతకాలి?

కొత్తసెక్షన్ · సోమవారం, రాత్రి 9:40

నమస్కారం. ఈమధ్యే నన్ను ఫీల్డ్ నుంచి బడ్జెట్ సెక్షన్‌కి మార్చారు. వచ్చీ రాగానే ఆర్థిక శాఖ లెటర్ చేతికొచ్చింది. వచ్చే ఏడాది అంచనాల్లో 5 శాతం పొదుపు చూపాలట, ప్రజలకు అందే సేవలు మాత్రం తగ్గకూడదట. మా పై ఆఫీసరు గారు "అన్ని పద్దుల్లోనూ తలా 5 శాతం కోసి పంపెయ్యమ్మా" అన్నారు. ఎక్సెల్‌లో అదెంతసేపు పని? కానీ జీతాల పద్దులో 5 శాతం కోస్తే ఏడాది చివర్లో జీతాలు ఎక్కణ్నుంచి ఇస్తాం? దాన్ని వదిలేస్తే మిగతా పద్దుల మీద ఎంత పడుతుందో అర్థం కావడం లేదు. ఇలాంటి కసరత్తు చేసినవాళ్లెవరైనా ఉంటే, ముందు ఏ కాగితాలు ముందేసుకుని కూర్చోవాలో చెప్పండి. సిద్ధాంతాలు వద్దు, దయచేసి.

పాతలెక్కలు · సోమవారం, రాత్రి 10:25

అమ్మా, అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. జీతాలు, పింఛన్లు, మధ్యలో తెంచుకోలేని అద్దె ఒప్పందాలు, చట్టం ప్రకారం ఇచ్చి తీరాల్సినవి, కోర్టు డిక్రీలు కలిపితే మీ బడ్జెట్‌లో ఎంత భాగం? 75 శాతం అనుకుందాం. అంటే మీరు ముట్టుకోగలిగింది మిగతా 25 శాతమే. మొత్తం మీద 5 రావాలంటే ఆ పాతికలోంచే రావాలి, అంటే ఐదో వంతు. "తలా 5 శాతం" అనేది వినడానికే తేలిక. ఈ లెక్క ఒక్క పేజీలో పెట్టి మీ ఆఫీసరు గారికి చూపించండి.

తర్వాత మూడేళ్ల అంచనా, సవరించిన అంచనా, అసలు ఖర్చు పక్కపక్కన పెట్టండి. ఏటా మిగిలిపోయే పద్దులు వెంటనే కనబడతాయి. అక్కడ కేటాయింపే ఎక్కువుందని అర్థం. నెలవారీ ఖర్చు కూడా తీయండి. పదకొండు నెలలు నిద్రపోయి చివరి నెలలో లేచే పద్దులు కొన్నుంటాయి. వాటి బిల్లులు తెప్పించి ఒక్కొక్కటీ చదవండి. నేనైతే అక్కణ్నుంచే మొదలుపెడతాను.

ఇంకొకటి, ఇది ఎవరూ చెయ్యరు. పద్దుల వారీగా కాకుండా సరఫరాదారుల వారీగా చెల్లింపులు పేర్చి చూడండి. ఒకే ఏజెన్సీ మీ శాఖలోని వేర్వేరు ఆఫీసులకు ఒకే పనిని వేర్వేరు రేట్లకు చేస్తూ ఉంటుంది. ఏ ఆఫీసుకు ఆ ఆఫీసు టెండరు సక్రమమే. అన్నీ ఒకచోట పెడితేగాని తేడా తెలియదు.

ఊరికే_అడిగా · సోమవారం, రాత్రి 11:02

ఇంత తతంగం ఎందుకండీ? కార్లు, మీటింగులు, టూర్లు, పూలబొకేలు ఆపెయ్యండి. 5 శాతం అదే వస్తుంది.

పాతలెక్కలు · మంగళవారం, ఉదయం 6:50

రాదు. వాహనాలు, ప్రయాణాలు, స్టేషనరీ, ఆతిథ్యం అన్నీ కలిపినా చాలా శాఖల్లో అది మొత్తం ఖర్చులో బాగా చిన్న ముక్క. పూర్తిగా సున్నా చేసినా మీ లక్ష్యంలో కొంతే తీరుతుంది, పైగా తనిఖీలకు వెళ్లే మనిషి ఆఫీసులో కూర్చుంటాడు. ఆపొద్దని కాదు. పై వాళ్ల ఖర్చు ముందు తగ్గితేనే కింది వాళ్లు మాట వింటారు, దాని విలువ అక్కడ ఉంది.

వైరింగ్‌బాబు · మంగళవారం, ఉదయం 8:15

కరెంటు బిల్లు చూడండి మేడమ్. అందరూ యూనిట్లు చూస్తారు, పైన స్థిర చార్జీల లైను ఎవరూ చదవరు. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న పెద్ద ఆఫీసులకి కాంట్రాక్ట్ డిమాండ్ అని ఒకటి ఉంటుంది, అంటే ఒకేసారి గరిష్ఠంగా ఇంత లోడు వాడతామని కరెంటు సంస్థతో రాసుకున్న పరిమితి. భవనం కట్టినప్పుడు ఎప్పుడో ఎక్కువ అంచనాతో రాయించి ఉంటారు. అంత వాడినా వాడకపోయినా ఆ లెక్కన కొంత కట్టాల్సిందే. గత 12 నెలల బిల్లుల్లో రికార్డైన గరిష్ఠ డిమాండ్ రాసుకోండి. అది కాంట్రాక్ట్ డిమాండ్‌లో సగానికి కూడా చేరకపోతే తగ్గించమని దరఖాస్తు పెట్టండి. కొనేదేమీ లేదు, ఒక ఉత్తరం చాలు. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటు ఎంత సమర్థంగా వాడుతున్నారో చెప్పే లెక్క) తక్కువని పెనాల్టీ పడుతోందేమో కూడా చూడండి. పడుతుంటే దాన్ని సరిచేసే కెపాసిటర్ బ్యాంకు అనే పరికరం పాడై ఉండొచ్చు.

ఒక జాగ్రత్త: మరీ బొటాబొటిగా తగ్గించకండి. దాటితే అదనపు చార్జీ వేస్తారు, మళ్లీ పెంచుకోవాలంటే డబ్బు, టైము రెండూ పోతాయి. ఎండాకాలం నెలలు చూసుకుని నిర్ణయించండి.

స్టోర్స్‌గది · మంగళవారం, ఉదయం 9:30

మా వైపు నుంచి రెండు. వారంటీలో ఉన్న యంత్రాలకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కడుతున్నారేమో చూడండి. కొనేది ఒక సెక్షన్, ఏఎంసీ రెన్యువల్ చేసేది ఇంకో సెక్షన్, వాళ్లకు ఉన్నది పాత జాబితా. కొత్త మెషీన్ వచ్చి పాతది తుక్కుకు పోయినా జాబితాలో అలాగే ఉండిపోతుంది. స్క్రాప్ రిజిస్టరునూ ఏఎంసీ జాబితానూ ఎదురెదురుగా పెట్టండి చాలు.

రెండోది నిల్వలు. ఏటా ఇండెంట్ (సరుకు కావాలని పంపే కాగితం) "గత ఏడాది ప్రకారం" అని రాసేస్తారు. గోడౌన్‌లో రెండేళ్ల సరుకు ఉన్నా సరే. గడువు దాటాక పారేసే సరుకు విలువ ఏ పద్దులోనూ ఖర్చుగా కనపడదు, ఎందుకంటే దాని డబ్బు ఎప్పుడో కట్టేశారు.

కోడ్‌పిల్లాడు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఐటీలో కూడా ఇదే కథ. రిటైరైనవాళ్ల, బదిలీ అయినవాళ్ల పేర్ల మీద సాఫ్ట్‌వేర్ లైసెన్సులు నడుస్తూనే ఉంటాయి. ట్రయల్ కోసం తెరిచిన క్లౌడ్ సర్వర్లు ఎవరూ మూయరు. హెచ్ఆర్ జాబితాతో యూజర్ జాబితాని పోల్చితే ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది.

డబుల్ పేమెంట్లు కూడా వెతకండి. సిస్టమ్ ఒకే బిల్ నంబరుని రెండోసారి ఒప్పుకోదు కదా అనుకుంటాం. కానీ ఒకసారి హైఫన్‌తో, ఇంకోసారి హైఫన్ లేకుండా ఎంటర్ చేస్తే రెండు వేర్వేరు బిల్లులే. నంబరు వదిలేసి, అదే సంస్థ, అదే మొత్తం, దగ్గర దగ్గర తేదీలు అనే మూడింటితో జల్లెడ పట్టండి. అమెరికాలో ఇలాంటి తప్పు చెల్లింపులను ఏటా లెక్కగట్టాలని 2002లో చట్టమే చేశారు.

ఆడిట్‌కన్ను · మంగళవారం, రాత్రి 8:45

అన్నీ మంచి సూచనలే. అయితే పాతలెక్కలు గారు చెప్పిన ఒక విషయంలో నా అభిప్రాయం వేరు. ఏటా మిగిలిపోయే పద్దులో కోత పెట్టి దాన్ని పొదుపు అని చూపితే నేను ఒప్పుకోను. ఖర్చు కాని డబ్బు తగ్గిస్తే ఖర్చేమీ తగ్గదు. టెండరు ఆలస్యమైతే డబ్బు మిగులుతుంది, పథకం నడవకపోతే మిగులుతుంది. భారత ప్రభుత్వంలో ఒక గ్రాంటులో (చట్టసభ విడిగా మంజూరు చేసే పద్దులో) 100 కోట్లు, ఆపైన మిగిలితే పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వివరణ ఇచ్చుకోవాలి. ఎందుకంటే ఆ డబ్బు చట్టసభ ఒక పనికోసం మంజూరు చేసింది, ఆ పని జరగలేదు. ఇంకో శాఖకు పనికొచ్చేది ఇక్కడ ఊరికే ఇరుక్కుపోయింది.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో 2004లో ప్రభుత్వ ఖర్చు తగ్గించే దారుల మీద గెర్షన్ సమీక్ష జరిగాక శాఖలన్నీ పొదుపులు ప్రకటించాయి. 2007లో అక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీస్ 13.3 బిలియన్ పౌండ్ల క్లెయిములను పరిశీలిస్తే, నిక్కచ్చిగా నమ్మదగినవి 26 శాతమే. ఇంకో 51 శాతంలో పొదుపు ఉంది గాని కొలిచిన తీరులో లోపాలున్నాయి. మిగతా 23 శాతం లెక్కలు గణనీయంగా తప్పయ్యే అవకాశం ఉందని రాశారు. మీ జాబితా కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే ఎవరి చేతిలోనో పడుతుంది. అది మనసులో పెట్టుకుని రాయండి.

పాతలెక్కలు · మంగళవారం, రాత్రి 9:20

ఆడిట్ గారూ, మీరన్నది నిజమే, కాకపోతే ఆర్థిక శాఖ అడిగింది అంచనాల తగ్గింపు. ఉబ్బిన కేటాయింపు దించడం అందులోకి వస్తుంది. దాన్ని వేరే శీర్షిక కింద చూపమనండి, "కేటాయింపు సవరణ" అని. పొదుపుల జాబితాలో కలపొద్దు. ఇద్దరికీ సరిపోతుంది.

రమణిటీచర్ · మంగళవారం, రాత్రి 10:05

సిద్ధాంతాలు వద్దన్నారు గాని, నేను పాఠం చెప్పేది పబ్లిక్ ఫైనాన్సే, ఊరుకోలేను. తలా ఇంత కోసే పద్ధతికి పెద్ద ఉదాహరణ ఆస్ట్రేలియా. 1987-88లో "ఎఫిషియెన్సీ డివిడెండ్" అని పెట్టి, శాఖల నిర్వహణ ఖర్చులో ఏటా 1.25 శాతం కోత మొదలుపెట్టారు. రేటు మారుతూ వచ్చినా పద్ధతి దశాబ్దాల పాటు నిలబడింది. దానికి కారణం ఉంది. ఎవరితోనూ వాదించనక్కర్లేదు, ఎవరూ తప్పించుకోలేరు. కానీ పెద్ద శాఖలు ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి, చిన్న సంస్థలు సర్దుకోలేవు. 2008లో వాళ్ల పార్లమెంటు కమిటీ ప్రత్యేకంగా ఈ చిన్న సంస్థల ఇబ్బంది మీదే విచారణ చేసింది.

కెనడా ఇంకో దారి పట్టింది. 1994లో ప్రోగ్రామ్ రివ్యూ మొదలుపెట్టి ప్రతి కార్యక్రమానికీ ఆరు ప్రశ్నలు వేశారు. ఇది ఇంకా ప్రజలకు అవసరమా? ప్రభుత్వమే చెయ్యాలా? కేంద్రమే చెయ్యాలా, రాష్ట్రాలు చెయ్యొచ్చా? వేరేవాళ్లతో కలిసి చెయ్యొచ్చా? తక్కువ ఖర్చుతో చెయ్యొచ్చా? ఇవన్నీ అయ్యాక చివరిది, భరించగలమా? రవాణా శాఖ బడ్జెట్ దాదాపు సగానికి పడిపోయింది. విమానాశ్రయాలు స్థానిక సంస్థల చేతికి వెళ్లాయి, ఎయిర్ ట్రాఫిక్ వ్యవస్థ 1996లో నావ్ కెనడా అనే లాభాపేక్ష లేని సంస్థకు వెళ్లింది. 1997-98కి దేశం లోటు నుంచి బయటపడింది.

ఊరికే_అడిగా · మంగళవారం, రాత్రి 10:30

అంటే ఖర్చు పోలేదుగా మేడమ్. పన్ను కట్టేవాడి జేబులోంచి విమానం ఎక్కేవాడి జేబులోకి మారింది.

రమణిటీచర్ · మంగళవారం, రాత్రి 10:41

కొంతవరకు అంతే. అయితే విమానం ఎక్కనివాడు ఆ ఖర్చెందుకు భరించాలి అనేది కూడా అడగాల్సిన ప్రశ్నే కదా. ఒక శాఖకు ఆ అధికారం ఉండదు లెండి, అది మంత్రివర్గం స్థాయి నిర్ణయం. శాఖ స్థాయిలో ఆ ప్రశ్నల్లో మొదటిదీ ఐదోదీ వేసుకున్నా చాలు. జీరో బేస్డ్ బడ్జెటింగ్ అనే మాట కూడా మీ ఆఫీసులో ఎవరో ఒకరు ఎత్తుతారు. ప్రతి ఏడూ ప్రతి ఖర్చునీ సున్నా నుంచి సమర్థించుకోవడం అన్నమాట. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పీటర్ పైర్ రూపొందించాడు, జిమ్మీ కార్టర్ ముందు గవర్నరుగా జార్జియా రాష్ట్రంలో, 1977లో అధ్యక్షుడిగా అమెరికా కేంద్ర ప్రభుత్వంలో పెట్టాడు, 1981కల్లా తీసేశారు. కాగితాల కింద మునిగిపోయారు. ఏడాదికి ఒకటి రెండు కార్యక్రమాలను అలా చూడండి, అన్నింటినీ వద్దు.

ఫీల్డ్‌మనిషి · బుధవారం, ఉదయం 7:35

అందరూ కరెంటు, లైసెన్సులు అంటున్నారు. అసలు జరిగేది నేను చెప్తాను. ఖాళీ పోస్టులు నింపరు, ఆ జీతాలు పొదుపు అంటారు. మా ఆఫీసులో ఇద్దరి పని ఒకరం చేస్తున్నాం. ఫైళ్లు ఆగుతాయి, జనం తిరుగుతారు. మీ పట్టికలో మాత్రం సేవలు తగ్గలేదు. వాళ్ల బస్సు చార్జీలు, పోయిన కూలీ మీ పద్దుల్లో లేవు కాబట్టి.

ఆడిట్‌కన్ను · బుధవారం, ఉదయం 9:05

ఫీల్డ్‌మనిషి గారి కోపంలో లెక్క కూడా ఉంది. మనుషులు లేక బిల్లులు ఆలస్యమైతే అది కొన్నిచోట్ల నేరుగా ఖర్చవుతుంది. భారతదేశంలో 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం చిన్న సరఫరాదారుకు గడువులోగా (ఆ గడువు 45 రోజులకు మించకూడదు) కట్టకపోతే, రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. బిల్లులు చూసే క్లర్కు పోస్టు ఖాళీగా ఉంచి జీతం మిగిల్చామని, ఇంకో పద్దులో వడ్డీ కట్టడం నేను చూశాను. వడ్డీలు, జరిమానాలు, లేట్ ఫీజులు ఏడాదికి ఎంత కడుతున్నారో ఒకసారి కూడి చూడండి. ఇది తగ్గితే బాధపడేవాళ్లు ఎవరూ ఉండరు.

వైరింగ్‌బాబు · బుధవారం, ఉదయం 10:20

మెయింటెనెన్స్ పద్దు కూడా. కోత అనగానే ముందు దానిమీదే పడతారు, ఎందుకంటే ఈ ఏడాది పైకప్పుకు రిపేరు చెయ్యకపోతే ఈ ఏడాది ఏమీ కాదు. అమెరికా జాతీయ పార్కుల సంస్థకు ఇలా వాయిదా పడ్డ మరమ్మతులు 20 బిలియన్ డాలర్లు దాటి పేరుకున్నాయి. లీకయ్యే కప్పుకు పూత వేస్తే సరిపోయేది, వదిలేస్తే స్లాబు, వైరింగు, కింద గదిలో రికార్డులు అన్నీ పోతాయి.

రమణిటీచర్ · బుధవారం, మధ్యాహ్నం 12:50

దానికంటే భయంకరమైనది ఫ్లింట్. మిషిగన్ రాష్ట్రంలోని ఊరు. డబ్బు ఆదా అవుతుందని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీళ్లకు మారారు. పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం తాగునీళ్లలోకి దిగింది. 2015 అక్టోబరులో మళ్లీ డెట్రాయిట్ నీళ్లకే వెళ్లారు. తర్వాత బాధితులకు కుదిరిన పరిహారం 62 కోట్ల 60 లక్షల డాలర్లు. పిల్లల ఆరోగ్యం సంగతి ఏ పరిహారంలోనూ తేలేది కాదు. నీళ్లు, మందులు, వంతెనల తనిఖీ లాంటి వాటిలో పొదుపు ప్రతిపాదిస్తే, ఆ ఖర్చు ఎందుకు పెట్టారో తెలిసిన ఇంజినీరు సంతకం లేకుండా పంపకండి.

కొత్తసెక్షన్ · బుధవారం, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. వైరింగ్‌బాబు గారు చెప్పింది వెంటనే చూశాం, నిజంగానే మా కాంట్రాక్ట్ డిమాండ్ చాలా ఎక్కువగా ఉంది. లైసెన్సుల జాబితా తెప్పిస్తున్నాం. కానీ ఒక చిక్కొచ్చి పడింది. వివరాలు అడిగితే కింది ఆఫీసులు ఇవ్వడం లేదు. ఒకాయన మొహమాటం లేకుండా అన్నారు: "ఈ ఏడాది మిగిల్చి చూపిస్తే వచ్చే ఏడాది కేటాయింపు తగ్గిస్తారు. ఖర్చు పెట్టినవాడు సుఖంగా ఉంటాడు. నేనెందుకు చెప్పాలి?" ఏం జవాబు చెప్పాలో తెలియలేదు.

పాతలెక్కలు · బుధవారం, రాత్రి 9:50

ఆయన్ని తప్పుపట్టలేం. పొదుపు బయటికి రాకపోవడానికి అసలు కారణం అదే. మిగతావన్నీ టెక్నిక్కులు.

రమణిటీచర్ · బుధవారం, రాత్రి 10:15

దీని మీద మంచి పరిశోధన ఉంది. లీబ్‌మన్, మహోనీ అనే ఆర్థికవేత్తలు అమెరికా కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లు చూశారు. ఆర్థిక సంవత్సరం చివరి వారంలో ఖర్చు, మిగతా ఏడాది వారపు సగటుకు 4.9 రెట్లు. ఆ వారంలో మొదలైన ఐటీ ప్రాజెక్టుల నాణ్యత కూడా బాగా తక్కువ. ఒక్క న్యాయ శాఖకు మాత్రం మిగిలిన డబ్బు కొంత వచ్చే ఏడాదికి ఐటీ కోసం తీసుకెళ్లే వెసులుబాటు ఉంది. అక్కడ ఆ నాణ్యత పడిపోలేదు.

బ్రిటన్‌లో 1998లో ఇలా మిగులు మోసుకెళ్లే సౌకర్యం పెట్టారు. ఏళ్ల తరబడి పోగుపడేసరికి, అందరూ ఒకేసారి అడిగితే ఎలా అని 2010లో రద్దు చేసి, తర్వాతి ఏడాది నుంచి పరిమితితో కూడిన ఇంకో పద్ధతి తెచ్చారు.

ఊరికే_అడిగా · బుధవారం, రాత్రి 10:22

మనకేమో మార్చి వస్తే చాలు, ప్రింటర్లే ప్రింటర్లు.

ఆడిట్‌కన్ను · బుధవారం, రాత్రి 10:40

నిబంధన ఉంది. కేంద్రం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో ఏడాది చివరి నెలల్లో ఖర్చుకు ఎగబడటం ఆర్థిక క్రమశిక్షణ ఉల్లంఘన అని స్పష్టంగా రాసి ఉంది. చివరి త్రైమాసికంలో 33 శాతం, మార్చిలో 15 శాతం దాటకూడదని పరిమితి కూడా పెట్టారు. దాంతో కొంత తగ్గింది, కొంత ఫిబ్రవరికి జరిగింది. డబ్బు ముందే ఏజెన్సీల బ్యాంకు ఖాతాల్లో వేసి ఖర్చయినట్టు చూపే అలవాటు మీద 2021లో వచ్చిన సింగిల్ నోడల్ ఏజెన్సీ విధానం (ఒక్కో పథకం డబ్బుకు రాష్ట్రంలో ఒకే ఏజెన్సీ, ఒకే ఖాతా) ఎక్కువ పనిచేసిందని నా ఉద్దేశం. ఖాతాల్లో నిద్రపోయే డబ్బుకు ప్రభుత్వం అవతల అప్పు మీద వడ్డీ కడుతూ ఉంటుంది. మిగులు ముందుగానే సరెండర్ చేయించడం కూడా అందుకే. డిసెంబరులో వెనక్కిస్తే ఇంకెవరికైనా ఉపయోగం, మార్చి 31న ఇస్తే ఎవరికీ కాదు.

పాతలెక్కలు · గురువారం, ఉదయం 6:40

కొత్తసెక్షన్ గారూ, ఆ ఆఫీసులకు చెప్పాల్సింది మీరు కాదు, మీ శాఖాధిపతి. "మీరు చూపిన పొదుపులో సగం మీ ఆఫీసులోనే మీరు అడిగిన పనికి ఇస్తాం" అని రాతపూర్వకంగా ఇప్పించండి. కొత్త పోస్టులు, కార్లు కాకుండా రిపేర్లు, కంప్యూటర్లు లాంటి వాటికి. ఏ పద్దు నుంచి ఏ పద్దుకు మార్చొచ్చో నిబంధనలు చూసుకోండి, కేపిటల్ డబ్బు (ఆస్తులు, నిర్మాణాల కోసం ఇచ్చింది) తెచ్చి రోజువారీ ఖర్చుకు పెట్టనివ్వరు. ఆ ఒక్క సర్క్యులర్ వెళ్లాక వచ్చే జాబితాలు వేరేగా ఉంటాయి.

కొత్తసెక్షన్ · గురువారం, రాత్రి 8:30

మా శాఖాధిపతి మేడమ్‌తో మాట్లాడాను, సగం కాదు గాని మూడో వంతుకు ఒప్పుకున్నారు. సర్క్యులర్ రేపు వెళ్తుంది. ఇంకో ప్రతిపాదన మీద మీ అభిప్రాయం కావాలి. మాకో శిక్షణ కేంద్రం ఉంది, ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీయే. దాని మొత్తం బడ్జెట్‌ని శిక్షణ పొందినవాళ్ల సంఖ్యతో భాగిస్తే మనిషికి ఖర్చు కళ్లు తిరిగేలా ఉంది. బయట సంస్థలో ఇప్పిస్తే సగానికే అవుతుంది. మూసేస్తే మొత్తం బడ్జెట్ పొదుపేనా?

ఆడిట్‌కన్ను · గురువారం, రాత్రి 9:10

కాదు. అక్కడి శాశ్వత ఉద్యోగులు ఎక్కడికి వెళ్తారు? ఇంకో ఆఫీసుకు. జీతాలు అలాగే ఉంటాయి. భవనం ప్రభుత్వానిదే అయితే అద్దె మిగలదు, కాపలా ఖర్చు ఉంటుంది. మిగిలేది భోజనాలు, గెస్ట్ ఫ్యాకల్టీ, కరెంటు, శుభ్రత. దాంట్లోంచి బయట సంస్థకు కట్టే ఫీజు తీసెయ్యండి. మైనస్‌లోకి కూడా వెళ్లొచ్చు. భవనం ఖాళీ చేసి, అద్దెకుంటున్న మీ ఆఫీసొకటి అందులోకి తెస్తే అప్పుడు అసలు పొదుపు వస్తుంది, అద్దె రూపంలో.

స్టోర్స్‌గది · గురువారం, రాత్రి 9:25

లేదా ఖాళీ రోజుల్లో వేరే శాఖలకు ఫీజు తీసుకుని ఇవ్వండి. మూయడం కంటే గొడవ తక్కువ.

ఫీల్డ్‌మనిషి · గురువారం, రాత్రి 9:58

అద్దె ఆఫీసు మార్చే ముందు అక్కడికి వచ్చే జనానికి బస్సు ఉందో లేదో చూడండి. అంతే అడుగుతున్నా.

కొత్తసెక్షన్ · శుక్రవారం, ఉదయం 10:30

అద్దె ఆఫీసు ఆలోచన బాగుంది, బస్సు రూటు కూడా చూస్తాం. ఆ అద్దె ఒప్పందం సెప్టెంబరు ఆఖరుకి అయిపోతుంది. పట్టికలో ఏడాది అద్దె మొత్తం పొదుపుగా రాయొచ్చా?

ఆడిట్‌కన్ను · శుక్రవారం, ఉదయం 11:15

రాయకండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా అద్దె కడతారు కాబట్టి మొదటి ఏడాదికి ఆరు నెలలదే పొదుపు. సామాను తరలింపు, పార్టిషన్లు, నెట్‌వర్క్ కేబుళ్ల ఖర్చు కూడా ఆ ఏడాదే పడుతుంది, అది తీసెయ్యండి. రెండు కాలమ్‌లు పెట్టండి, మొదటి ఏడాది నికరం ఒకటి, పూర్తి ఏడాదికి ఎంత అన్నది ఇంకోటి. కరెంటు పొదుపుకు రూపాయలతో పాటు యూనిట్లు, కేవీఏ (డిమాండ్ కొలిచే ప్రమాణం) కూడా రాయండి. టారిఫ్ పెరిగితే బిల్లు పెరుగుతుంది, అప్పుడు పొదుపు ఏదీ అని అడిగేది మిమ్మల్నే. ప్రతి వరుసకూ ఎదురుగా ఏ నెల నుంచి మొదలవుతుందో, ఎవరు బాధ్యులో హోదాతో సహా ఉండాలి.

కొత్తసెక్షన్ · శుక్రవారం, మధ్యాహ్నం 12:05

అలాగే చేస్తాను సార్. ఇప్పటికి నికరంగా లెక్కిస్తే 3 శాతం దాకా వస్తోంది, 5 కాదు.

పాతలెక్కలు · శుక్రవారం, మధ్యాహ్నం 12:40

3 అనే పంపండి, పూర్తి ఏడాది కాలమ్‌లో ఎంతవుతుందో కింద చూపండి. మిగతా 2 శాతానికి ఏ సేవ ఆపాలో పేరుపెట్టి రాసి, ఆ నిర్ణయం మంత్రిగారి స్థాయిలో తీసుకోమని నోట్ పెట్టండి. కేటాయింపు సవరణ విడి పేజీలో ఉండాలి, మర్చిపోకండి.